ఫోటో ఇంకా రాలేదన్నాను

మొన్న కింది దవడలో చివరి పన్ను మూడు రోజులు సలిపి సలిపి, ఉప్పునీళ్లకూ లవంగానికీ లొంగక, చివరికి నన్ను సూరత్‌లో మా లింబాయత్‌లోని ఆ పాత పళ్ల క్లినిక్ మెట్లు ఎక్కించింది. ఏళ్లుగా నేను ఆ మెట్లు తొక్కలేదు. దారి తెలియక కాదు, ముప్పైయేళ్లకు పైగా పొద్దున తాళం తీసిందీ సాయంత్రం వేసిందీ నేనే. కుర్చీలో కూర్చోబెట్టి, బొటనవేలి గోరంత వెడల్పున్న నల్లటి బిళ్లకు ప్లాస్టిక్ తొడుగు వేసి, దాని తోకలాంటి వైరు బయటికి వేలాడుతుండగా నా బుగ్గలో పెట్టి, కదలకండి అని చెప్పి అక్కడ పనిచేసే పిల్ల గది బయటికి వెళ్లిందో లేదో, టిక్కుమని ఒక చప్పుడయింది, అంతే, నేను నోరు మూసేలోపే నా దవడ బొమ్మ పక్కనున్న తెర మీదికి వచ్చేసింది. వేరూ, వేరు కొసన చీము గూడూ, చుట్టూ ఎముకా, నేను ఇన్నేళ్లూ చేతులారా కడిగి ఆరబెట్టిన ఏ ఫిల్ములోనూ కనిపించనంత స్పష్టంగా కనిపించాయి. ఒప్పుకోక తప్పదు.

ఆ బొమ్మను చూసి నాకు ఈర్ష్య కలగలేదు, ఆ వయసు దాటిపోయింది. చెయ్యి మాత్రం జేబులోని ఫోన్ మీదికి పోయింది, ఎందుకంటే అలాంటి బొమ్మే ఒకటి, నాది కాదు, మా బావది, నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. అది ఆలస్యంగా రావడం వల్లనే తన భర్తకు ఒక కన్ను పోయిందని మా చెల్లెలు నమ్ముతుంది. ఈ క్లినిక్ డాక్టరమ్మ పేరు ఎత్తితే చాలు, ఈనాటికీ శాపనార్థాలు పెడుతుంది. ఆ శాపాలు ఎవరికి తగలాలో నాకొక్కడికే తెలుసని మొన్నటిదాకా అనుకున్నాను.

మనవాళ్లు ఈ ఊరికి ఎందుకు వచ్చారో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. కరీంనగర్ జిల్లాలోని మా పల్లెలో చేతి మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతుంటే మా నాయన ముందుగా సూరత్ వచ్చి సాంచాల్లో, అంటే కరెంటు మగ్గాల్లో, చేరాడు, నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో నన్నూ పిలిపించుకున్నాడు. ఏడేళ్లు సాంచాల మీద పనిచేశాను. ఆ చప్పుడు పగలంతా చెవుల్లో ఉండటం సరే, పడుకున్నాక కూడా తలలో ఆగేది కాదు, అందుకే ఆ పని మీద నాకు ఎన్నడూ ప్రేమ పుట్టలేదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి ఈ క్లినిక్‌కు వెళ్తే, ఒక ముసలమ్మకు ఎక్కడ నొప్పో తెలియక పెద్ద డాక్టరుగారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆమె తెలుగు ఆయనకు రాదు, ఆయన గుజరాతీ ఆమెకు రాదు. నేను నా బుగ్గ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఆమె బుగ్గ చూపిస్తూ మధ్యవర్తిత్వం చేశాను. వారం తిరక్కుండా ఆయన నన్ను పనిలో పెట్టుకున్నారు, అంటే పన్ను పీకించుకోను వెళ్లినవాణ్ని నేనే అక్కడ నాటుకుపోయాను.

మనవాళ్లు దాన్ని పండ్ల దవాఖాన అనేవారు. కొత్తగా ఊరి నుంచి దిగిన పిల్లలు పండ్ల దవాఖానలో మామిడిపండ్లకు కూడా మందిస్తారా అని నన్ను ఆటపట్టించేవారు. ఇంకో సంగతి, నూలు పోగును పంటితో తెంపే అలవాటు వల్ల మన నేతవాళ్లకు ముందు పంటి అంచున సన్నటి గాడి పడి ఉంటుంది, ఆడవాళ్లకైతే మరీను. డాక్టరుగారు మొదట్లో అది ఏదో రోగమనుకుని కంగారుపడ్డారు. సంగతి చెప్పాక నవ్వి, ఆ తర్వాత ఫిల్ములో ఆ గాడి కనిపించగానే మీవాళ్లేనా అని నన్ను అడిగేవారు. పేరు చూడకుండానే మావాళ్లను పోల్చుకునే విద్య ఆయనకూ అబ్బింది, నాకూ అబ్బింది. ఈ గాడి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఏడాది తిరిగేసరికి నన్ను చీకటి గదిలోకి పంపారు. గది అంటే మెట్ల కింద, మనిషి రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత చోటు. ఒక ఎర్ర బల్బు, వరుసగా మూడు తొట్లు, మొదటిదాంట్లో బొమ్మ తేల్చే మందు, నడుమ నీళ్లు, చివరిదాంట్లో బొమ్మను నిలబెట్టే మందు. ఆ పుల్లటి ఘాటు వాసన నా చొక్కాలనూ గోళ్లనూ పట్టుకుని ఇంటిదాకా వచ్చేది, మా ఇంటావిడ నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది. ఫిల్ము మీద ఒక మూలన చేతికి తగిలే చిన్న చుక్క ఉంటుంది, ఏది కుడో ఏది ఎడమో చెప్పేది అదే. చీకట్లో బొటనవేలితో దాన్ని తడిమి, క్లిప్పుకు తగిలించి, మందులో ముంచి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడేవాణ్ని. ఎండాకాలంలో తక్కువ అంకెలు, చలికాలంలో ఎక్కువ. తెల్లటి ముక్క మీద మెల్లమెల్లగా పళ్లు తేలుతుంటే చూడటం, ఎన్నివేల సార్లు చూసినా, నాకు విసుగు పుట్టించలేదు. తెగిన పోగును చూడకుండా ముడివేయడం నేర్పిన మా నాయన, ఆ వేళ్లు ఈ పనికి కూడా వస్తాయని ఊహించి ఉండడు.

ఆరిన ఫిల్మును చిన్న కాగితపు కవరులో పెట్టి, దాని మీద పేరు రాసి, మనిషి చేతికే ఇచ్చేవాణ్ని. మనవాళ్ల పేర్లు తెలుగులో రాసేవాణ్ని. వాళ్లు దాన్ని రేషన్ కార్డు పెట్టుకునే పెట్టెలోనే దాచుకునేవారు, ఊరికి పోతే అక్కడి డాక్టరుకు చూపించడానికి వెంట పట్టుకుపోయేవారు. సాయంత్రాలు మా వాకిట్లోకి వచ్చి, కవరు నా చేతిలో పెట్టి, చెప్పమని కూర్చునేవారు. నేను ట్యూబులైటు కింద ఫిల్ము ఎత్తిపట్టి, ఇదిగో పురుగు ఇక్కడిదాకా తొలిచింది, పీకించుకుంటావో సిమెంటు పెట్టించుకుంటావో నీ ఇష్టం అని చెప్పేవాణ్ని. నిజానికి అవన్నీ డాక్టరుగారు అప్పటికే హిందీలో చెప్పినవే, కానీ నేను తెలుగులో చెబితేగాని వాళ్లకు నమ్మకం కుదిరేది కాదు. మొదట ఫోటో అన్ననయ్యాను, జుట్టు నెరిశాక ఫోటో బాపునయ్యాను. అబద్ధమెందుకు, ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. సగం డాక్టరునే అనుకునేవాణ్ని, మిగతా సగం కూడా నేనేనేమో అనుకున్న రోజులున్నాయి.

తర్వాత ఆ మాయదారి రోగం వచ్చింది. సాంచాలు ఆగిపోయి వీధులకు వీధులే మూగవైపోవడం, మనవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని రైళ్ల కోసం వరసలు కట్టడం మీరంతా చూసినవే, మళ్లీ చెప్పను. రెండు నెలలు మూసి ఉన్న క్లినిక్ తెరిచేసరికి తొట్లలో మందు ఎండిపోయి అడుగున గోధుమరంగు గసి కట్టి ఉంది. కొత్త మందు కలుపుదామని నేను చొక్కా చేతులు మడుచుకుంటుంటే, పెద్ద డాక్టరుగారి కోడలు, అప్పటికి రెండేళ్లుగా మామగారితో కలిసి పనిచేస్తున్న డాక్టరమ్మ, వద్దు కాకా అంది. గాలి ఆడని గదిలో ఇక ఎవరూ నిలబడకూడదట, ఒకరి ఎంగిలి తగిలిన ఫిల్మును ఇంకొకరు చేత్తో విప్పకూడదట, పైగా అరవై దాటినవాళ్లు ఇంట్లో ఉండటమే మంచిదట. అన్నీ నిజాలే. మడిచిన చొక్కా చేతులు మళ్లీ దించుకున్నాను. కొత్త మిషన్‌ను ముందు ఎవరి మీదనైనా చూడాలి కదా, నన్నే కూర్చోబెట్టింది. ఆ క్లినిక్‌లో తెర మీద మొట్టమొదట కనిపించిన పళ్లు నావే. నా ఉద్యోగాన్ని నా నోటితోనే ఊడగొట్టారని ఆ తర్వాత చాలా రోజులు అనుకుని మండిపడ్డాను.

పెద్ద డాక్టరుగారు ఆ మూల కుర్చీలో మాస్కు వేసుకుని కూర్చుని, కిటికీ బయటికే చూస్తూ ఉండిపోయారు. నా బాకీలేమీ ఉంచలేదు, పద్ధతిగానే పంపారు, ఆ విషయంలో ఫిర్యాదు లేదు. ఎర్ర బల్బు అడిగితే ఇచ్చారు, దాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. వచ్చే ముందు డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి ఒక మాట అడిగింది. ఇకమీదట ఫోటో చేతికి ఇవ్వడం ఉండదు, ఫోన్‌కే పంపుతాం, మీవాళ్లలో చాలామందికి అలాంటి ఫోన్ లేదు, మీ నంబరు రాసుకోనా, ఇదివరకటిలాగే మీరు వాళ్లకు చెబుదురుగాని అంది. మర్యాదగానే అడిగింది. నేనూ సరేనన్నాను, ఆ మాటతో నా ఫోటో బాపు హోదా నాకు మిగిలిందన్న ఆశ కూడా కలిగింది.

ఆ ఆశ ఎంతోకాలం నిలవలేదు. పేర్లు లేకుండా ఉత్త నంబర్లతో బొమ్మలు రావడం మొదలయింది, పొద్దునా మధ్యాహ్నమూ టింగుమంటూనే ఉండేది. చేత్తో తడమడానికి చుక్క లేదు, ఎత్తిపట్టడానికి ఫిల్ము లేదు, అద్దం మీద వేళ్లతో సాగదీస్తే పన్ను కాస్తా పారిపోయి చిగురు వచ్చేది. గల్లీలో వాళ్లు వచ్చి బాపూ, నా ఫోటో అచ్చిందా అని అడిగితే, ఏది ఎవరిదో నాకే తెలిసేది కాదు. కొన్నాళ్లకు నాలో ఒక దుర్బుద్ధి పుట్టింది. నన్ను వెళ్లగొట్టిన మిషన్‌కు నేనెందుకు ఊరికే చాకిరీ చేయాలి? మనవరాలిని అడిగి డాక్టరమ్మ నంబరు నుంచి వచ్చే బొమ్మలూ మాటలూ చప్పుడు కాకుండా చేయించాను. తర్వాత తర్వాత ఆ బొమ్మలు తెరవడమే మానేశాను. ఎవరైనా వచ్చి అడిగితే, వాళ్లనే పోయి అడుక్కోండి, ఇప్పుడంతా వాళ్ల మిషనే చూసుకుంటుంది అనేవాణ్ని. వాళ్లు పోయి అడిగి, చెప్పించుకుని, పని జరిపించుకునేవారు. ఎవరికీ ఏమీ నష్టం జరగలేదు కనుక నా తప్పు నాకు తప్పులా కనిపించలేదు.

రెండో విడత రోగం వచ్చినప్పుడు మా బావకు అంటుకుంది. బావంటే మా మేనమామ కొడుకే, చిన్నప్పుడు నాతో కలిసి గోలీలాడినవాడు, డిండోలిలో ఉంటూ ఉధనా వైపు సాంచాల్లో పనిచేసేవాడు. షుగరు ఉంది. ఆసుపత్రిలో మంచం దొరక్క ఇంట్లోనే మందులు మింగి, ఎలాగో గట్టెక్కాడు. మా చెల్లెలు వీధిలో అందరికీ బెల్లంముక్క పంచిపెట్టింది. ఆ తర్వాత పది పన్నెండు రోజులకు పై పళ్లు కదులుతున్నాయనీ, కంటి కింద బుగ్గ మొద్దుబారిందనీ అంటే, చెల్లెలు అతన్ని షేర్ ఆటోలో కూర్చోబెట్టుకుని ఈ క్లినిక్‌కు తీసుకొచ్చింది. ఇంకెక్కడికో పోవలసింది, ఇక్కడికే ఎందుకు తెచ్చిందంటే, అన్న పనిచేసిన చోటు కనుక. ఫోన్ నంబరు అడిగితే వాళ్లింట్లో బటన్ల ఫోన్ ఒకటి ఉండి కూడా నాదే చెప్పింది, అన్న చూస్తే చాలని.

ఆ రోజు డాక్టరమ్మ క్లినిక్‌లో లేదు. పెద్ద డాక్టరుగారికి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారు, ఆమె అక్కడే గేటు దగ్గర నిలబడి ఉంది. క్లినిక్‌లో ఉన్న సహాయకురాలు ఆ బిళ్ల నోట్లో పెట్టి బొమ్మలు తీసి, ఆమెకు పంపింది. ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. ఇదే నా కాలంలో అయితే ఆ ఫిల్ము నా చీకటి గదిలో తడిసి, ఆరి, డాక్టరు తిరిగి వచ్చేదాకా బల్ల మీద పడి ఉండేది. ఆమె మాత్రం చావుబతుకుల్లో ఉన్న మామగారి కోసం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడే మా బావ దవడ చూసింది, అదేమిటో గుర్తుపట్టింది, గంట తిరక్కుండా నాకు ఫోన్ చేసింది. నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ నా చేతికందేంత దూరంలో మోగింది, తెర మీద క్లినిక్ డాక్టరమ్మ అని కనిపించింది. ఇప్పుడు గుర్తొచ్చానా అనుకున్నాను. ఆగిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ మోగింది. మళ్లీ అలాగే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆమె బొమ్మలూ, తన గొంతుతో చెప్పిన ఒక మాటా పంపింది, అది చప్పుడు చేయలేదు, చప్పుడు చేయకుండా చేయించింది నేనే కదా.

మర్నాడు చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, ఫోటో అచ్చిందా?" అని అడిగింది.

"ఇంకా రాలే చెల్లే," అన్నాను.

చూడకుండానే అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది, ముప్పైయేళ్ల అనుభవం నోరు తెరిచింది. షుగరు ఉన్నవాళ్లకు పళ్లు కదలడం మామూలేననీ, చిగుళ్లు వదులవుతాయనీ, ఉప్పునీళ్లు పుక్కిలించమనీ, ఇలాంటివి నేను వందల ఫిల్ముల్లో చూశాననీ చెప్పాను. ఆమె ప్రాణం కుదుటపడింది. మూడో రోజు మళ్లీ అడిగింది, మళ్లీ రాలేదన్నాను. నాలుగో రోజు బావే మాట్లాడి, కంటి చుట్టూ బరువుగా ఉంది బావా, జర జల్ది అడుగు అన్నాడు. అడుగుతానన్నాను. ఎవరిని అడగాలి? ఆమెను అడగాలంటే ఆమెకు ఫోన్ చేయాలి, చేస్తే నేను తగ్గినట్టవుతుంది. నవ్వకండి, ఆ నాలుగు రోజులూ నా బుర్రలో ఉన్నది ఈ ఒక్క లెక్కే.

ఐదో రోజు పొద్దున చెల్లెలు అతన్ని ఆటోలో నేరుగా నా వాకిట్లోకే తీసుకొచ్చింది. కుడి కన్ను మూసుకుపోయి, చుట్టూ నల్లబడి, ముక్కు పక్కన చర్మం మాడినట్టుంది. లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు తెరిచాను ఫోన్. తెరవని బొమ్మలు వరసగా ఉన్నాయి, పేర్లు లేవు. వేలితో తోసుకుంటూ పోతే ఒకదాంట్లో పై ముందు పంటి అంచున ఆ గాడి కనిపించింది. చిన్నతనంలో మా ఇద్దరికీ పోగు పంటితో తెంపడం నేర్పింది బావ వాళ్లమ్మ, మా అత్త, బావకు గాడి కొంచెం ఎడమకు వాలి ఉంటుంది, నాకు తెలియనిది కాదు. ఆ పంటి పైన ఎముక చెదలు తిన్న చెక్కలా ఉంది. కింద డాక్టరమ్మ గొంతు, వెనక అంబులెన్సు కూత, కాకా, ఇది చిగురు రోగం కాదు, రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకుపోండి, నేను అక్కడ చెప్పి ఉంచుతాను అని హిందీలో చెప్పింది. ఆ రేపు వెళ్లిపోయి మూడు రోజులయింది.

పెద్దాసుపత్రిలో ఆ రోజే చేర్చుకున్నారు. బ్లాక్ ఫంగస్ అట, అది పట్టినవాళ్లు అక్కడ వార్డు నిండా ఉన్నారు. పై దవడ కుడి సగం తీసేశారు, కన్ను తీసేశారు, మనిషిని దక్కించారు. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంకో మూడు నాలుగు రోజులు ముందొస్తే కన్ను దక్కేదేమో అన్నాడు. దక్కేదని అనలేదు, దక్కేదేమో అన్నాడు. ఆ ఏమో నన్ను వదలడం లేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న చెల్లెలు తలెత్తి నన్నే చూసింది.

"ఫోటో ఎప్పుడచ్చింది అన్నా?"

"ఇయ్యాల్నే అచ్చింది," అన్నాను.

అంత సులువుగా ఎలా అనగలిగానో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. చెల్లెలికి చదువు రాదు, పోనీ వచ్చినా నా జేబులో చేయిపెట్టి చూసే మనిషి కాదు. ఆమె ఇక నన్నేమీ అడగలేదు, మొగుడి కన్ను తిన్నదని డాక్టరమ్మను తిట్టడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే పెద్ద డాక్టరుగారు పోయారు. నన్ను సాంచాల చప్పుడు నుంచి బయటికి తెచ్చిన మనిషి, ఆయన్ని చివరిచూపు చూసే వీలు కూడా ఆ రోజుల్లో ఎవరికీ లేదు. చావు ఇంట్లో ఆయన కోడలు కూర్చుని ఉండగా, లింబాయత్‌లోనూ డిండోలిలోనూ మనవాళ్లు ఆమె పేరు మీద దుమ్మెత్తిపోశారు. నాలుగొద్దులు ఫోటో దాచిపెట్టుకున్నదట, మిషనొచ్చినంక మనుషులకు విలువ లేదట. మిషన్ గురించి ఆ మాట ముందు నేర్పింది నేనే. ఎవరైనా నిజమా బాపూ అని నన్ను అడిగితే, నిట్టూర్చి ఊరుకునేవాణ్ని. ఆ నిట్టూర్పును వాళ్లు ఎలా అర్థం చేసుకుంటారో నాకు బాగా తెలుసు. మెల్లగా మనవాళ్లు ఆ మెట్లు ఎక్కడం మానేశారు.

అందుకే మొన్న వెళ్లేసరికి బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. క్లినిక్‌ను పర్వత్ పాటియా వైపుకు మారుస్తున్నారట, వచ్చే నెల నుంచి ఇక్కడ ఉండదట. మెట్ల కింద నా చీకటి గది తలుపు తీసి ఉంది, లోపల అట్టపెట్టెలు పేర్చారు. డాక్టరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, మామూలుగానే కాకా, రండి అంది. సూది మందు ఇచ్చి, బుగ్గ మొద్దుబారేదాకా ఆగుతూ, చేతి తొడుగులు సర్దుకుంటూ, మా బావ ఎలా ఉన్నాడని అడిగింది. బాగానే ఉన్నాడని తలూపాను. దవడ తీసిన చోట అంగిట్లో పెట్టుకునే ప్లేటు ఇప్పటికి వదులై ఉంటుంది, ఒకసారి తీసుకురండి, సరిచేస్తాను, నా దగ్గరికి రావడం ఇష్టం లేకపోతే పెద్దాసుపత్రిలోనైనా చేయించండి అంది. తర్వాత నా వంక చూడకుండా, తెర మీది నా పంటినే చూస్తూ చెప్పింది.

"కాకా, ఆ రోజు నేను రెండుసార్లు ఫోన్ చేశాను. నేను పంపింది మీరు ఐదో రోజు పొద్దున తెరిచారు. ఎప్పుడు తెరిచారో నా ఫోన్‌లో కనిపిస్తుంది."

నా నోరు తెరిచే ఉంది, సగం మొద్దుబారి ఉంది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అని ముద్దముద్దగా అన్నాను. ఆ వారం నాకు ఎవరినీ ఏమీ అనే ఓపిక లేకపోయింది కాకా, తర్వాత అనాలనిపించలేదు, మామగారు మీ గురించి ఎప్పుడూ మంచిగానే చెప్పేవారు అంది. అని, పన్ను పీకింది. నొప్పి తెలియలేదు. చేయి చాలా నెమ్మది, మామగారి చేయే. లేచి వస్తుంటే ఫోటో మీ ఫోన్‌కు పంపించాను, చూసుకోండి అంది, ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను, లేదు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలూ బావా వచ్చి ఉన్నారు. అన్నకు పన్ను పీకారంటే మెత్తగా తినాలని చెల్లెలు జావ కాచి తెచ్చింది. బావ నల్లద్దాలు పెట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. అతని మాట ముక్కులోంచి వస్తుంది, అలవాటైనవాళ్లకే అర్థమవుతుంది. ఎక్కడ పీకించుకున్నానో తెలియగానే చెల్లెలి ముఖం ఎర్రబడింది.

"గా డాక్టరమ్మ తాన్నే పీకిచ్చుకున్నవా? నీ ఫోటోనన్న జల్ది ఇచ్చిందా, నీకు గూడ నాలుగొద్దులకే ఇస్తనన్నదా?"

నేను నోట్లో దూది ఉందని, మాట్లాడరాదని చేత్తో సైగ చేశాను. అయ్యో, నువ్వు మాట్లాడకు అన్నా, నెత్తురొస్తది అని ఆమే నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది, జావ చల్లారిందో లేదో తన వేలు ముంచి చూసింది. బావ ఏదో అన్నాడు. పాపం ఆమెనెందుకంటవు, ఆమె మామ గప్పుడే సచ్చిపోయె అన్నాడట, చెల్లెలు విప్పి చెప్పి మరీ అతన్ని కసిరింది. కన్ను పోగొట్టుకున్న మనిషికి ఉన్నపాటి న్యాయం నాకు లేకపోయింది.

మందు మత్తు రెండు గంటల్లో దిగిపోయింది. వాళ్లు సాయంత్రం దాకా ఉన్నారు. ధరల గురించీ, మూతపడుతున్న సాంచాల గురించీ, మా మనవరాలి చదువు గురించీ చాలా మాట్లాడాను. అది మాత్రం మాట్లాడలేదు.

మన రోజుల్లో ఎవరి దవడ బొమ్మ వాళ్ల చేతిలో ఉండేది. బావ దాన్ని తన జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే నా ట్యూబులైటు కిందికి తెచ్చేవాడు, నాకు పంతం పట్టే వ్యవధి కూడా ఉండేది కాదు. ఇలా అనుకుని ఇన్నేళ్లూ ఆ మిషన్‌ను తిట్టుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడానికి కూడా లేకుండా పోయింది. మిషన్ క్షణంలో తీసింది, ఆమె గంటలో చెప్పింది, నాలుగు రోజులు ఆపింది నేను. ఫిల్ము అయితే ఎవరు ఎప్పుడు చూశారో ఎవరికీ తెలిసేది కాదు. ఈ కొత్త ఫోటోకు అదీ తెలుసు.

చెల్లెలికి చెప్పలేక మీకు చెబుతున్నాను. ఆమెకు చదువు రాదు, ఆమె పిల్లలు గుజరాతీ బళ్లో చదివారు, మా మనవరాలు కూడా అంతే, ఇంట్లో తెలుగు మాట్లాడతారుగాని ఒక్క అక్షరం చదవలేరు. ఈ ఊళ్లో తెలుగులో రాయడమంటే దాచిపెట్టడమే. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశాను.